పిల్లలకు మెషిన్ దాకా నేర్పండి: సీఎన్‌సీ, క్యామ్ శిక్షణ చూసే అధికారులకు బహిరంగ లేఖ

తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలో ఐటీఐలు, పాలిటెక్నిక్‌లు, నైపుణ్య శిక్షణ కేంద్రాల్లో సీఎన్‌సీ కోర్సులు నడిపే అధికారులకు, సిలబస్ తయారుచేసే నిపుణులకు, ఫీజు తీసుకుని క్యామ్ నేర్పే ప్రైవేటు సంస్థల యజమానులకు,

నమస్కారం.

నేను హైదరాబాద్ బాలానగర్‌లో, ఇతరుల ఆర్డర్ల మీద విడిభాగాలు కోసిచ్చే ఒక జాబ్ వర్క్ షాపులో ప్రోగ్రామర్‌ని. సీఎన్‌సీలకు, అంటే కోడ్ చెప్పినట్టు లోహాన్ని కోసే మెషిన్లకు (తిరిగే టూల్‌తో కోసే వీఎంసీలు, జాబ్‌నే తిప్పి కోసే లేత్‌లు), క్యామ్ సాఫ్ట్‌వేర్‌లో ప్రోగ్రాములు చేయడం, కొత్తగా చేరిన కుర్రాళ్లకు సెట్టింగ్ నేర్పడం నా పని. సీఎన్‌సీ కోర్సుల్లో పిల్లలకు మెషిన్ దాకా నేర్పడం లేదని మా చుట్టుపక్కల షాపుల వాళ్లం కలిసి ఇదివరకే వినతిపత్రం ఇచ్చాం. ముద్ర వేసి తీసుకున్నారు. ఆ తర్వాత ఉలుకూ లేదు, పలుకూ లేదు. వెళ్లి అడిగితే పైకి పంపామన్నారు. పైన ఎవరి దగ్గర ఆగిందో మాకు చెప్పేవాళ్లు లేరు. అందుకే అందరూ చదివేలా రాస్తున్నాను.

మా ఫిర్యాదు ఇదీ. క్యామ్ కోర్సు చేసి మా దగ్గరికి వస్తున్న పిల్లల్లో చాలామందికి స్క్రీన్ మీద టూల్‌పాత్, అంటే టూల్ నడవాల్సిన దారి, చేయడం వచ్చు. దాన్నుంచి బయటికొచ్చిన, మెషిన్‌ను నడిపే జీ కోడ్ చదవడం రాదు. ఆ కోడ్‌ని మెషిన్‌లోకి ఎక్కించి, ఆఫ్‌సెట్లు (టూల్ పొడవు, జాబ్ ఉన్న చోటు కొలతలు) పెట్టి, మొదటి పీసు క్షేమంగా తీయడం అసలే రాదు. ఈ ఆఖరి భాగం నేర్పకుండానే సర్టిఫికెట్ చేతికిస్తున్నారు.

మీరు ఏమీ చేయలేదని నేను అనను. 1968 నుంచి బాలానగర్‌లో ఉన్న సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ లేకపోతే ఈ ప్రాంతంలో ఇంతమంది టూల్ మేకర్లు ఉండేవారు కాదు. 2024లో తెలంగాణ ప్రభుత్వం 65 ఐటీఐలను అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పని మొదలుపెట్టింది. కొత్త మెషిన్లు, కొత్త కోర్సులు వస్తున్న ఈ సమయంలోనే పాత లోటు సరిదిద్దకపోతే అదే లోటు కొత్త భవనాల్లోకి కూడా వచ్చేస్తుంది.

ఈ పని తెలియని పాఠకుల కోసం నాలుగు మాటలు. తయారుచేయాల్సిన వస్తువు బొమ్మను కంప్యూటర్‌లో పెట్టి, ఏ టూల్‌తో కోయాలి, ఎంత లోతు, ఎంత వేగం అని చెబితే, టూల్ నడవాల్సిన దారిని క్యామ్ సాఫ్ట్‌వేర్ లెక్కగడుతుంది. అది టూల్‌పాత్. మెషిన్‌కు ఆ దారి నేరుగా అర్థం కాదు. పోస్ట్ ప్రాసెసర్ అనే చిన్న ప్రోగ్రామ్ దాన్ని ఆ మెషిన్ కంట్రోలర్‌కు, అంటే మెషిన్‌ను నడిపే కంప్యూటర్‌కు, తెలిసిన కోడ్‌గా మారుస్తుంది. 1980లో ఆర్‌ఎస్-274-డి పేరుతో అమెరికాలోనూ, తర్వాత ఐఎస్ఓ 6983 పేరుతో అంతర్జాతీయంగానూ ఈ కోడ్‌కు ప్రమాణాలు వచ్చాయి. అయినా ప్రతి కంట్రోలర్ కంపెనీ తన పద్ధతులు తాను చేర్చుకుంది. లోతైన రంధ్రం ఆగి ఆగి వేయాలంటే ఫానక్‌లో జీ83 రాస్తాం. సీమెన్స్‌లో సైకిల్83 రాస్తాం. హైడెన్‌హైన్‌కు తన సొంత భాషే ఉంది. ఒకే టూల్‌పాత్ మూడు మెషిన్లకు మూడు రకాల కోడ్‌గా వెళుతుంది. తేడాలన్నీ అక్కడే ఉంటాయి, ప్రమాదాలూ అక్కడే జరుగుతాయి. ఇక మా షాపుల్లో ఏం జరుగుతోందో వరుసగా చెబుతాను.

1. స్క్రీన్ మీద సిమ్యులేషన్ చూసి అంతా అయిపోయిందనుకుంటున్నారు.

క్యామ్‌లో మామూలుగా కనిపించే సిమ్యులేషన్ టూల్‌పాత్‌ను చూపిస్తుంది. పోస్ట్ అయిన కోడ్‌ను చూపించదు. అంటే పోస్ట్ ప్రాసెసర్ తప్పు రాసినా, పోస్ట్ అయ్యాక ఎవరైనా చేత్తో మార్చినా ఆ బొమ్మలో తెలియదు. బయటికొచ్చిన కోడ్‌నే తీసుకుని పరీక్షించే సాఫ్ట్‌వేర్లు వేరే ఉన్నాయి, చిన్న షాపులు వాటిని కొనలేవు. ఇంటర్వ్యూలో నేను అడిగే మొదటి ప్రశ్న, "సిమ్యులేషన్ బాగానే వచ్చింది, ఇప్పుడు ఏం చేస్తావు?" అని. ఎక్కువమంది "సైకిల్ స్టార్ట్ నొక్కుతాను సార్" అంటారు. సింగిల్ బ్లాక్ పెడతాను (ఒక్కో లైను దగ్గర ఆగేలా), ఫీడ్ ఓవర్‌రైడ్ తగ్గిస్తాను (టూల్ నెమ్మదిగా కదిలేలా), డిస్టెన్స్ టు గో చూస్తాను (ఇంకా ఎంత దూరం పోవాలో) అనే పిల్లలు అరుదు. వాళ్లకు ఎవరూ చెప్పలేదు మరి.

2. ఒక్క చుక్క లేక మెషిన్ పాడైంది.

ఇది మా కళ్ల ముందు జరిగింది. ఈఎన్8 ఉక్కు ప్లేటులో పాకెట్లు, అంటే గుంటలు, కోసే జాబ్. కుర్రాడు కొత్తవాడు. కోర్సులో మంచి మార్కులు, త్రీడీ మోడలింగ్‌లో నాకంటే చురుకు. జాబ్‌ను పట్టి ఉంచే ఫిక్చర్ మీద క్లాంపులు మామూలు కంటే ఎత్తుగా ఉన్నాయని తనే గమనించాడు. టూల్ ఒక పాకెట్ నుంచి ఇంకో పాకెట్‌కు వెళ్లేటప్పుడు ఇంకొంచెం పైకి లేవాలనుకున్నాడు. ఆలోచన సరైనదే. కంప్యూటర్ దగ్గరికి వెళ్లి మళ్లీ పోస్ట్ చేయడం ఎందుకని మెషిన్ దగ్గరే ఎడిట్‌లోకి వెళ్లి ఆ లైను మార్చి జీ00 జెడ్100 అని కొట్టాడు. జీ00 అంటే ర్యాపిడ్, కోయకుండా పూర్తి వేగంతో కదలడం. జెడ్ అంటే ఎత్తు. తను నేర్చుకున్న సిమ్యులేటర్ సీమెన్స్‌ది. అక్కడ జెడ్100 అంటే 100 మిల్లీమీటర్లు.

మా మెషిన్ ఫానక్. పారామీటర్ మార్చి పెట్టకపోతే, ఫానక్‌లో చుక్క లేని 100 అంటే 100 మైక్రాన్లు, అంటే 0.1 మిల్లీమీటరు. జెడ్100. అని చివర చుక్క పెట్టాలి. పెట్టలేదు. టూల్ జాబ్ పైభాగానికి 0.1 మిల్లీమీటరు ఎత్తు దాకానే లేచింది, వెంటనే ర్యాపిడ్‌లో పక్కకు దూసుకుపోయింది. 16 మిల్లీమీటర్ల కార్బైడ్ ఎండ్ మిల్ క్లాంపును కొట్టి ముక్కలైంది. స్టడ్ వంగింది. టూల్‌ను తిప్పే స్పిండిల్‌కు రనౌట్ వచ్చేసింది, అంటే అది సరిగ్గా మధ్యలో తిరగడం మానేసింది. డోర్ మూసి ఉంది కాబట్టి ఆ ముక్కలు ఎవరి కంట్లోనూ పడలేదు. సర్వీస్ ఇంజినీరు వచ్చి, బేరింగులు తెప్పించి, సరిచేసేదాకా ఆ మెషిన్ ఆగిపోయింది. ఆ మెషిన్ మీద బ్యాంకు ఈఎంఐ మాత్రం ఆగలేదు. మెటీరియల్ కస్టమర్‌ది కాబట్టి పాడైన ప్లేటుకు డెబిట్ నోట్ వచ్చింది. కుర్రాడు మర్నాటి నుంచి పనికి రాలేదు. ఫోన్ చేస్తే వాళ్లమ్మ ఎత్తి, "మా వాడు మళ్లీ మెషిన్ ముట్టుకోనంటున్నాడయ్యా" అంది.

ఆ అబ్బాయిలో తెలివికి లోటు లేదు. రెండు కంట్రోలర్ల మధ్య ఈ తేడా ఉందని కోర్సులో ఒక్క గంట చెప్పి, ఒక్కసారి మెషిన్ మీద చూపించి ఉంటే ఇది జరిగేది కాదు. ఇలాంటివి మా ఒక్క షాపులోనే కాదు. జీడిమెట్లలో, చర్లపల్లిలో, విజయవాడ ఆటోనగర్‌లో ఎవర్ని కదిపినా ఒక కథ చెబుతారు. ఒకచోట టూల్ పొడవు ఆఫ్‌సెట్‌ను పిలిచే జీ43 పక్కన హెచ్ నంబరు వేరే టూల్‌ది పడి, పొడుగు టూల్‌కు పొట్టి టూల్ ఆఫ్‌సెట్ పట్టి నేరుగా జాబ్‌లోకి దిగిపోతుంది. ఇంకోచోట క్యామ్‌లో జాబ్ మూల దగ్గర జీరో పెట్టుకుని, మెషిన్ మీద జాబ్ మధ్యలో జీరో (జీ54) పెడతారు.

3. ర్యాపిడ్ తిన్నగా పోతుందని నమ్ముతున్నారు.

చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ దీనివల్ల వైస్‌లు, క్లాంపులు చాలా పోయాయి. స్క్రీన్ మీద జీ00 ఒక మూల నుంచి ఇంకో మూలకు తిన్నగా గీత గీస్తుంది. చాలా ఫానక్ మెషిన్లలో, సెట్టింగ్ మార్చకపోతే, రెండు యాక్సిస్‌లూ వేటికవే పూర్తి వేగంతో కదులుతాయి. ఎక్స్‌లో 300, వైలో 100 వెళ్లాలంటే, రెండు యాక్సిస్‌ల వేగమూ సమానమైతే, ముందు రెండింటిలోనూ 100 చొప్పున ఏటవాలుగా వెళ్లి, ఆ తర్వాత మిగతా 200 ఎక్స్‌లోనే తిన్నగా పోతుంది. మధ్యలో క్లాంపు ఉంటే అంతే. స్క్రీన్ మీద దానికి రెండు అంగుళాల అవతల నుంచి పోయిన టూల్ ఇక్కడ సరిగ్గా దాని మీదికే వస్తుంది.

4. లేత్ మీద ఇది ప్రాణాలకు సంబంధించిన మాట.

దయచేసి దీన్ని జాగ్రత్తగా చదవండి. లేత్‌లో జీ96 పెడితే కోత వేగం ఒకేలా ఉండడానికి, వ్యాసం తగ్గేకొద్దీ స్పిండిల్ వేగం పెరుగుతుంది. నిమిషానికి 180 మీటర్ల కోత వేగం ఇచ్చామనుకోండి. 100 మిల్లీమీటర్ల వ్యాసం దగ్గర స్పిండిల్ సుమారు 573 ఆర్‌పీఎంతో తిరుగుతుంది. 20 మిల్లీమీటర్ల దగ్గర 2865. 10 దగ్గర 5730. ఫేసింగ్‌లో, అంటే జాబ్ ముఖాన్ని చదును చేసేటప్పుడు, టూల్ మధ్యకు చేరేకొద్దీ మెషిన్ తన గరిష్ఠ వేగం దాకా పోతుంది. అందుకే ముందుగానే వేగానికి హద్దు పెట్టాలి. మామూలు ఫానక్ లేత్‌లలో జీ50 ఎస్2000 లాంటి లైను, సీమెన్స్‌లో లిమ్స్ అనే మాటతో ఆ హద్దు పెడతాం. కొన్ని ఫానక్ లేత్‌లలో అదే పనికి జీ92 వాడాలి. పోస్ట్ ప్రాసెసర్ ఆ మెషిన్‌ది కాకపోతే ఆ హద్దు కోడ్‌లో ఉండకపోవచ్చు, లేదా మెషిన్‌కు తెలియని రూపంలో ఉండొచ్చు. బరువైన జాబ్, ఒక పక్కకు తూగే కాస్టింగ్, జాబ్‌ను పట్టే చక్ జాస్ పట్టు తక్కువ ఉన్న పీసు ఆ వేగంలో తిరిగితే పట్టు తప్పి ఎగిరిపోతుంది. డోర్ అద్దం దాన్ని ఆపుతుందన్న పూచీ లేదు.

లేత్ ముందు నిలబడేది పద్దెనిమిది, పందొమ్మిదేళ్ల పిల్లవాడు. శ్రీకాకుళం నుంచో, నాగర్‌కర్నూల్ నుంచో వచ్చి నలుగురితో గది పంచుకుని ఉంటాడు. జీ50 లైను ఉందో లేదో చూసుకోవడం వాడికి రాకపోతే ఆ పాపం ఎవరిది? సిలబస్‌లో సేఫ్టీ అని ఒక చాప్టర్ ఉంది, నాకు తెలుసు. గాగుల్స్, షూస్, అగ్నిమాపక యంత్రం రకాలు అడుగుతారు. ఈ ఒక్క లైను గురించి ప్రశ్న వేసిన పరీక్ష నేను చూడలేదు.

5. సాఫ్ట్‌వేర్ ఇచ్చిన ఫీడ్, స్పీడ్‌లే వేదమని పంపిస్తున్నారు.

టూల్ ముందుకు కదిలే వేగం ఫీడ్, తిరిగే వేగం స్పీడ్. టూల్ లైబ్రరీలో ఉండే అంకెలు గట్టి మెషిన్, కొత్త టూల్, పొట్టి హోల్డర్ ఉన్నప్పటివి. మా దగ్గర పదిహేనేళ్ల నాటి వీఎంసీ, రెండుసార్లు రీగ్రైండ్ చేసిన కట్టర్, లోతు పాకెట్ కోసం బయటికి పొడుగ్గా పట్టిన షాంక్ ఉంటాయి. 10 మిల్లీమీటర్ల కార్బైడ్ కట్టర్‌కు అల్యూమినియంలో నిమిషానికి 200 మీటర్ల కోత వేగం ఇస్తే 6366 ఆర్‌పీఎం కావాలి. మెషిన్ గరిష్ఠం 6000 అయితే స్పిండిల్ ఆ వేగం దాటదు, ఫీడ్ మాత్రం 6366కు లెక్కగట్టిందే పోతుంది. ఒక్కో పంటికి పడే కోత కొంచెం పెరుగుతుంది. ఇంత చిన్న తేడాకు ఏమీ కాదు. కానీ ఆ లెక్క ఎలా వచ్చిందో తెలియనివాడికి పెద్ద తేడా వచ్చినప్పుడూ తెలియదు. వెయ్యిని కోత వేగంతో గుణించి, పైతో, వ్యాసంతో భాగించడం పదో తరగతి లెక్క. దాన్ని కాగితం మీద వేయగలిగినవాళ్లు వచ్చినవాళ్లలో సగం కూడా ఉండరు.

పాత మెషిన్ల సంగతి ఇంకా ఉంది. మోల్డుల త్రీడీ ఫినిషింగ్ ప్రోగ్రాములు పెద్దవిగా ఉంటాయి, పాత కంట్రోలర్ మెమరీలో పట్టవు. కంప్యూటర్ నుంచి కేబుల్ ద్వారా కొంచెం కొంచెంగా పంపుతూ నడపాలి. 9600 బాడ్ వేగంలో సెకనుకు సుమారు 960 అక్షరాలు వెళతాయి. ఒక్కో లైను 20 అక్షరాలనుకుంటే సెకనుకు 48 లైన్లు. ఒక్కో లైనుకు టూల్ 0.1 మిల్లీమీటరే కదిలితే, సెకనుకు 4.8 మిల్లీమీటర్లు, నిమిషానికి 288. ప్రోగ్రామ్‌లో ఫీడ్ 2000 అని రాసి ఉన్నా మెషిన్ 288 దాటలేదు. లైను కోసం ఎదురుచూస్తూ ఆగి ఆగి కదులుతుంది, ఆ ఆగిన చోటల్లా మోల్డు మీద గుర్తు పడుతుంది. తర్వాత ఆ గుర్తులన్నీ ఎమరీ పేపర్‌తో పాలిషర్ రుద్దాలి. క్యామ్‌లో టాలరెన్స్ కొంచెం వదిలి, ఆర్క్ ఫిల్టర్ (చిన్న చిన్న గీతలను ఒక్క వంపుగా కలిపేది) పెడితే లైన్ల సంఖ్య బాగా తగ్గుతుంది. రెండు క్లిక్కుల పని. పాత మెషిన్ ఎలా నడుస్తుందో చూడని పిల్లవాడికి ఆ రెండు క్లిక్కులు ఎందుకో తెలియదు.

6. మెషిన్ ఉంటుంది, నడవదు.

కొన్ని శిక్షణ కేంద్రాల్లో మంచి వీఎంసీ ఉంటుంది, దాని మీద కవరు ఉంటుంది. కారణాలు చాలా చిన్నవి. ఎన్‌కోడర్ బ్యాటరీ సమయానికి మార్చక హోమ్ పొజిషన్ (మెషిన్ కొలతలు మొదలుపెట్టే చోటు) పోయింది. ఇన్‌సర్టులు కొనడానికి బడ్జెట్ లేదు. కూలెంట్ పాడైంది. ఎయిర్ కంప్రెసర్ రిపేరు. పాడైతే జీతంలో కోస్తారేమోనని ఇన్‌స్ట్రక్టర్ పిల్లల్ని దగ్గరికి రానివ్వడు. ఆయన్ని నేను తప్పుపట్టను, ఆయన భయం ఆయనది. నేర్చుకునే చోట టూల్ విరుగుతుంది, విరగాలి కూడా. ఆ ఖర్చును మీరు ముందే లెక్కలో రాసుకోకపోతే విరిగేది మా షాపుల్లోనే, దానితో పాటు పిల్లవాడి ధైర్యమూ విరుగుతుంది.

ఆడపిల్లల విషయంలో ఇది మరీ అన్యాయం. క్యామ్ సీటు దగ్గర కూర్చోబెడతారు, మెషిన్ దగ్గరికి పంపరు. మెషిన్ మీద చేయి పెట్టని ప్రోగ్రామర్‌కు ఏ షాపూ పెద్ద జాబ్ అప్పగించదు. అలా వాళ్ల జీతం మొదటి మెట్టు దగ్గరే ఆగిపోతోంది.

7. కొనలేని సాఫ్ట్‌వేర్ మీద నేర్పి వదిలేస్తున్నారు.

కోర్సులో పిల్లలు ఖరీదైన క్యామ్ ప్యాకేజీ మీద నేర్చుకుంటారు. దాని లైసెన్సు లక్షల్లో. చిన్న షాపు దాన్ని కొనలేదు. మెషిన్‌కు సరిపోయే పోస్ట్ ప్రాసెసర్‌కు కొందరు అమ్మకందారులు వేరే డబ్బు అడుగుతారు. కొన్ని విద్యార్థి వెర్షన్లలో కోడ్ బయటికి తీసే వీలే ఉండదు, కాబట్టి కోర్సు అయ్యేదాకా పిల్లవాడు జీ కోడ్ ముఖం చూడడు. ఉచితంగా దొరికేవాటి షరతులు కూడా కంపెనీ ఇష్టం. 2020లో ఆటోడెస్క్ సంస్థ ఫ్యూజన్ 360 వ్యక్తిగత వాడకపు లైసెన్సులో ర్యాపిడ్ కదలికలు, ఆటోమేటిక్ టూల్ మార్పు తీసేసింది. అది వాళ్ల హక్కే. కానీ ఒక్క కంపెనీ ప్యాకేజీని నమ్ముకుని మొత్తం శిక్షణ నడపడం ఎంత ప్రమాదమో దానితో తెలుస్తుంది.

చివరికి ఏమవుతోంది? ఎవరో పెన్‌డ్రైవ్‌లో క్రాక్ చేసిన కాపీ తెచ్చి షాపు కంప్యూటర్‌లో వేస్తారు. అందులో ఉన్న పోస్ట్ ఎవరిదో, ఏ మెషిన్‌దో తెలియదు. 1957 కాపీరైట్ చట్టం సెక్షన్ 63బి ప్రకారం, తెలిసీ దొంగ కాపీ వాడితే ఏడు రోజుల నుంచి మూడేళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా పడొచ్చు. దొంగ కాపీ వాడడం తప్పే, నేను దాన్ని వెనకేసుకు రావడం లేదు. పిల్లలకు వేరే దారి ఉందని చూపించే బాధ్యత మాత్రం మీదే. ఫ్రీక్యాడ్‌లో క్యామ్ ఉంది, దానికి డబ్బు కట్టక్కర్లేదు, పోస్ట్ ప్రాసెసర్‌ను తెరిచి చదువుకోవచ్చు, మార్చుకోవచ్చు. బయటికొచ్చిన కోడ్‌ను త్రీ యాక్సిస్‌లో పరీక్షించడానికి క్యామోటిక్స్ ఉంది. పెద్ద ప్యాకేజీల్లో ఉన్న సౌకర్యాలన్నీ వీటిలో లేవు. పునాది నేర్పడానికి ఇవి చాలు. పిల్లవాడు ఇంటికి వెళ్లి రాత్రి కూడా సాధన చేసుకోవచ్చు, ఎవరికీ భయపడక్కర్లేదు.

ఈ లోటు బరువు ఎవరి మీద పడుతోందో కూడా చెప్పాలి. ఫీజు కట్టడానికి గొలుసు తాకట్టు పెట్టిన తల్లులున్నారు. "కోర్సు చేశాడుగా, ఉద్యోగం ఎందుకు రాలేదు" అని వాళ్లు అడిగితే పిల్లవాడి దగ్గర జవాబు లేదు. షాపులో చేరితే ప్రోగ్రామర్‌గా కాదు, జాబులు ఎక్కించి దింపే హెల్పర్‌గా చేరతాడు. రెండు మూడేళ్లు అలాగే గడిచాక, ఎవరైనా సీనియర్ దయతలిస్తే నేర్చుకుంటాడు. లేకపోతే బైకు తీసుకుని ఫుడ్ డెలివరీకి వెళ్లిపోతాడు. మరోపక్క రక్షణ, అంతరిక్ష రంగాలకు విడిభాగాలు చేసే షాపులు మా చుట్టూనే ఉన్నాయి. వాళ్లకు ప్రోగ్రామర్లు దొరక్క పుణె నుంచి, బెంగళూరు నుంచి పిలిపించుకుంటున్నారు. పని ఇక్కడే ఉంది, పిల్లలూ ఇక్కడే ఉన్నారు.

కాబట్టి మా డిమాండ్లు ఇవి.

ఒకటి. ప్రాక్టికల్ పరీక్ష మెషిన్ మీద ముగియాలి. డ్రాయింగ్ ఇవ్వండి. విద్యార్థి క్యామ్‌లో టూల్‌పాత్ చేసి, పోస్ట్ తీసి, ఆ కోడ్‌లో పరీక్షాధికారి వేలు పెట్టిన ఏ లైనైనా ఏం చేస్తుందో చెప్పాలి. తర్వాత టూల్, వర్క్ ఆఫ్‌సెట్లు పెట్టి, కోయకుండా ఒకసారి నడిపి చూసే డ్రై రన్ చేసి, మొదటి పీసు తీసి, మైక్రోమీటర్‌తో కొలిచి చూపించాలి. ప్రాక్టికల్ మార్కుల్లో కనీసం సగం దీనికే ఉండాలి. పీసు తీయలేనివాళ్లకు మళ్లీ అవకాశం ఇవ్వండి, సర్టిఫికెట్ మాత్రం తీశాకే ఇవ్వండి.

రెండు. కనీసం రెండు కంట్రోలర్ల కోడ్ పక్కపక్కన పెట్టి నేర్పాలి. చుక్క తేడా, డ్రిల్లింగ్ సైకిళ్ల తేడా, టూల్ పిలిచే పద్ధతి, స్పిండిల్ వేగానికి హద్దు పెట్టే పద్ధతి, ర్యాపిడ్ నడిచే తీరు, ఇవన్నీ ఒక్క షీటులో తెలుగులో రాసి ప్రతి మెషిన్ పక్కన అంటించండి. ఆ షీటు తయారుచేయడానికి మా దగ్గర మనుషులున్నారు, ఊరికే చేసి ఇస్తారు.

మూడు. లేత్ వేగం హద్దు, సింగిల్ బ్లాక్, మొదటి పీసు పద్ధతి సేఫ్టీ పాఠంలో భాగం కావాలి. ఇవి రాకుండా ఎవర్నీ సైకిల్ స్టార్ట్ ముట్టుకోనివ్వకండి.

నాలుగు. ప్రతి శిక్షణ కేంద్రానికీ టూల్స్, ఇన్‌సర్టులు, మెటీరియల్, బ్యాటరీలు, సర్వీసుకు విడిగా బడ్జెట్ ఇవ్వండి. శిక్షణలో విరిగిన టూల్‌కు ఇన్‌స్ట్రక్టర్‌ను జవాబుదారీ చేయబోమని లిఖితపూర్వకంగా చెప్పండి. మెషిన్ నెలకు ఎన్ని గంటలు నడిచిందో కంట్రోలర్‌లోనే కనిపిస్తుంది, ఆ అంకెను నోటీసు బోర్డులో పెట్టండి.

ఐదు. ఉచితంగా, చట్టబద్ధంగా దొరికే క్యామ్‌తో పునాది నేర్పండి, ఆ తర్వాతే ఖరీదైన ప్యాకేజీకి వెళ్లండి. ప్రభుత్వం లైసెన్సులు కొనేటప్పుడు, ఆ కేంద్రంలో ఉన్న మెషిన్లకు సరిపోయే, పరీక్షించిన పోస్ట్ ప్రాసెసర్ కూడా ఆ ధరలోనే రావాలని టెండరులో రాయండి.

ఆరు. ఇన్‌స్ట్రక్టర్లను ఏడాదికి కొన్ని వారాలు షాపులకు పంపండి. అప్రెంటిస్ నిబంధనల ప్రకారం నలుగురు పనివాళ్లున్న చిన్న షాపు కూడా తన ఇష్టంతో అప్రెంటిస్‌ను తీసుకోవచ్చు. ఆ సంగతి చాలామంది షాపు యజమానులకు తెలియదు. తెలిసినవాళ్లు ఆన్‌లైన్ రిజిస్ట్రేషన్‌కు జడిసి ఊరుకుంటారు. బాలానగర్, జీడిమెట్ల, చర్లపల్లి, ఆటోనగర్‌లలో నెలకోరోజు మీ మనిషి వచ్చి కూర్చుని రిజిస్ట్రేషన్ చేయిస్తే పిల్లలకు చోటు మేం ఇస్తాం.

ఏడు. ప్రైవేటు సంస్థలు తమ ప్రకటనల్లో ఒక్కో విద్యార్థికి అసలు మెషిన్ మీద ఎన్ని గంటలు ఇస్తారో రాయాలి. సున్నా అయితే సున్నా అనే రాయాలి. తల్లిదండ్రులు దాన్ని చూసి నిర్ణయించుకుంటారు.

వచ్చే అడ్మిషన్లు మొదలయ్యేలోపు ఈ ఏడింటిలో ఏవి చేస్తారు, ఏవి చేయలేరు, ఎందుకు చేయలేరు అన్నది రాతపూర్వకంగా చెప్పమని అడుగుతున్నాం. పిలిస్తే వస్తాం. ఫానక్ కోడ్, సీమెన్స్ కోడ్ పట్టుకుని, విరిగిన ఆ ఎండ్ మిల్ ముక్కలు పట్టుకుని వస్తాం. ఆదివారాలు మా షాపుల్లో ఖాళీగా ఉండే మెషిన్ల మీద మీ విద్యార్థులకు మొదటి పీసు తీయించడానికి కొందరు యజమానులు ఇప్పటికే ఒప్పుకున్నారు. పిల్లల్ని పంపే ఏర్పాటు, వాళ్లకు బీమా, తోడుగా ఒక ఇన్‌స్ట్రక్టర్, ఈ మూడూ మీరు చూడండి.

ఇట్లు,
బాలానగర్ నుంచి ఒక సీఎన్‌సీ ప్రోగ్రామర్,
చుట్టుపక్కల షాపుల ఆపరేటర్లు, సెట్టర్లు, చిన్న యజమానుల తరఫున